మేష్టారి షిఫ్టుల పుస్తకం

విశాఖపట్నంలో ఫుట్‌బాల్ టీము నడపాలనుకునేవాళ్లకి ముందు షిఫ్టుల లెక్క రావాలి. స్టీల్‌ప్లాంట్, షిప్‌యార్డ్, పోర్టు, రిఫైనరీ, రైల్వే... ఊళ్లో బంతి మీద కాలు నిలిచే కుర్రాళ్లలో చాలామంది బతుకుతెరువు వీటిలో ఏదో ఒక గేటు లోపలే. శనివారం సాయంత్రం మ్యాచ్ ఉందని ఫర్నేస్ ఆగదు, క్రేన్ ఆగదు. అందుకే మంచి ఆటగాళ్లున్న టీములు కూడా ఒక్కోసారి ఎనిమిది మందితో, తొమ్మిది మందితో దిగి ఓడిపోయి వెళ్లేవి. ఏడుగురికి తక్కువైతే రూలు ప్రకారం ఆటే మొదలవదు, అలా పాయింట్లు పోగొట్టుకున్న టీములూ ఉన్నాయి. పాతికేళ్లకు పైగా మా క్లబ్‌కి మేనేజర్‌గా ఉన్న మేష్టారి టీము మాత్రం పదకొండుకి తక్కువ దిగిన రోజు లేదు. కింది డివిజన్‌లో మొదలైన క్లబ్ పై డివిజన్‌కి ఎక్కి అక్కడే పాతుకుపోవడానికి, కప్పులు ఇంటికి తేవడానికి మూలం అక్కడే ఉంది.

ఆయన బడిలో పాఠాలు చెప్పే మేష్టారు కాదు, ఒక ఆఫీసులో గుమాస్తా. సాయంత్రమయ్యేసరికి ప్యాంటు మడిచి కుర్ర గుంటల వెనక గ్రౌండంతా తిరిగేవారు కాబట్టి అందరికీ మేష్టారయ్యారు.

చంకలో ఎప్పుడూ ఒక పొడుగాటి లెక్కల పుస్తకం ఉండేది. ఎడమ పేజీలో పేర్లు, కుడి పేజీలో తేదీల గళ్లు. ఒక్కో గడిలో ఒక్క అక్షరం. ఏ అంటే పొద్దున్న ఆరు నుంచి రెండు, బీ అంటే రెండు నుంచి రాత్రి పది, సీ అంటే రాత్రి పది నుంచి తెల్లవారి ఆరు. జనరల్ షిఫ్టుకి గీత, వీక్లీ ఆఫ్‌కి సున్నా. ఏ మ్యాచ్ ఎప్పుడో చెప్పే ఫిక్స్‌చర్ చేతికి రాగానే మ్యాచ్ తేదీల మీద ఎర్ర ఇంకుతో నిలువుగీతలు కొట్టేవారు. ఆ గీత కింద ఎవరు ఏ అక్షరంలో పడ్డారో చూస్తే నెల ముందే సగం టీము తేలిపోయేది.

అక్షరాన్ని బట్టి మనిషిని వాడుకోవడంలో ఆయన చెయ్యి తిరిగినవారు. ఏ షిఫ్టువాడు రెండింటికి దిగి, కూర్మన్నపాలెంలోనో గాజువాకలోనో బస్సెక్కి సిటీలోకి వచ్చేసరికి మూడు దాటిపోతుంది. అవి అప్పటికే ఎనిమిది గంటలు నిలబడిన కాళ్లు. అతన్ని రెండో సగానికి దాచేవారు. అతని బూట్లు, జెర్సీ ముందురోజే తెప్పించి సంచిలో పెట్టుకునేవారు, ఇంటికెళ్లి తెచ్చుకునే వ్యవధి ఉండదు గనక. సీ షిఫ్టువాడు తెల్లారి దిగి పడుకుని లేస్తాడు కాబట్టి మొదటి సగం హుషారుగానే ఉంటాడు. గంట దాటాక పిక్కలు పట్టేస్తాయి, పైగా ఆ రాత్రి పదికి మళ్లీ డ్యూటీ. అతన్ని మొదట దింపి ముందే బయటికి పిలిచేవారు. ఇద్దరు సబ్‌స్టిట్యూట్లకే వీలున్న రోజుల్లో ఇది కత్తి మీద సామే. ఎవరికైనా దెబ్బ తగిలితే ఒక మార్పు దానికే పోతుంది. అందుకని మొదటి పదకొండులో సీ షిఫ్టువాళ్లు ఇద్దరికి మించకూడదన్నది ఆయన కట్టడి. 1995లో ఆట రూలు మారి ముగ్గురిని మార్చుకునే వీలొచ్చాక ఆ కట్టడి కొంచెం సడలింది.

బీ షిఫ్టుతోనే అసలు తంటా. మ్యాచ్ వేళకి మనిషి గేటు లోపలుంటాడు. షిఫ్టు మార్చుకోవడం ఒక్కటే దారి. మ్యాచ్ రోజు పొద్దున్న ఫోర్‌మన్ దగ్గరికి వెళ్తే పని జరగదు. ఎవరైనా అప్పటికే సెలవు పెట్టి ఉంటే మనుషులు చాలరు, ఆయన మాత్రం ఏం చేస్తాడు? మేష్టారు వారం ముందే వెళ్లేవారు, మారు డ్యూటీ చేసే మనిషిని వెంటబెట్టుకుని మరీ. ‘మీకు మనిషి లోటు రాకుండా చూసుకునే వచ్చాను సార్’ అనేది ఆయన మొదటి మాట. అలా ఎవరు ఎవరి బదులు డ్యూటీ చేశారో పుస్తకం చివరి పేజీల్లో అప్పులాగా రాసుకునేవారు. సంక్రాంతి మూడు రోజులు వచ్చేసరికి ఆ అప్పులు తీర్పించేవారు. కనుమనాడు డ్యూటీ పడిన ఆసామి బదులు మన సెంటర్ ఫార్వర్డ్ గేటు లోపలికి వెళ్లాల్సిందే. ఒక్కసారి ఎగ్గొడితే మళ్లీ ఎవరూ మారరని ఆయనకి తెలుసు. ఊళ్లో మిగతా టీములు ఈ ఒక్క విషయంలోనే దెబ్బతినేవి. అడిగేటప్పుడు ఉన్న వినయం తీర్చేటప్పుడు ఉండేది కాదు.

కొత్త కుర్రాడు వస్తే మొదటి ప్రశ్న, ‘ఏ బ్యాచ్‌లో తిరుగుతున్నావు నాయనా?’ షిఫ్టులు కలిసి మారే గుంపుల్లో ఏది అని. పొజిషన్ సంగతి తర్వాత. గోల్ ముందు మధ్యలో కాపు కాసే స్టాపర్‌లు ఇద్దరూ ఒకే బ్యాచ్‌లో ఉండకూడదు, గోల్‌కీపర్‌లిద్దరూ అసలే ఉండకూడదు. ఉంటే నెలలో ఒక వారం వెనక భాగమంతా ఖాళీ. అందుకని ఒకే బ్యాచ్‌లో ఉన్న మంచి ఆటగాడికంటే వేరే బ్యాచ్‌లో ఉన్న మధ్యరకం ఆటగాణ్ణి తీసుకున్న సందర్భాలున్నాయి. చూసేవాళ్లకి అది అన్యాయంగా కనిపించేది. సీజన్ చివర్లో పాయింట్ల పట్టిక చూస్తే గాని అర్థమయ్యేది కాదు. యూనివర్సిటీ కుర్రాళ్లకి షిఫ్టులు లేవు, కానీ పరీక్షల నెలలో వాళ్లు మాయం. వాళ్లని లీగ్ మొదటి నెలల్లో ఎక్కువ ఆడించి, చివరి మ్యాచ్‌లకి ఉద్యోగస్తులని మిగుల్చుకునేవారు.

గ్రౌండ్ విషయంలో ఆయన పట్టింపు ఇంకో ఎత్తు. మార్కింగ్ మన వంతుకి వచ్చిందంటే ముందురోజు సాయంత్రం నాలుగు మేకులు, ఒక స్టీలు టేపు, మూడు తాళ్లతో హాజరు. కొబ్బరితాడు వాడనిచ్చేవారు కాదు. సముద్రపు గాలిలో చెమ్మ పీల్చి పొద్దునకీ సాయంత్రానికీ పొడవు మారిపోతుంది. ఫిషింగ్ హార్బర్ దగ్గర కొన్న నైలాన్ తాడైనా కొత్తగా వాడకూడదు, లాగితే సాగుతుంది. దాన్ని రెండు చెట్ల మధ్య బిగించి రాత్రంతా వదిలేసి, సాగాల్సినంత సాగాక టేపుతో కొలిచి ముడులు వేసేవారు. మొదటి తాడు 12 మీటర్లు, 3 దగ్గర ఒక ముడి, 7 దగ్గర ఒక ముడి. కొసలు రెండూ కలిపి ముడుల దగ్గర లాగి పట్టుకుంటే 3, 4, 5 మీటర్ల త్రిభుజం వస్తుంది, మూల నిక్కంగా లంబకోణం. నాలుగు మూలలూ అలా కట్టాక కర్ణాలు కొలవాలి. 100 మీటర్ల పొడవు, 64 మీటర్ల వెడల్పు ఉన్న గ్రౌండ్‌కి కర్ణం 118 మీటర్ల 73 సెంటీమీటర్లు. రెండు కర్ణాల మధ్య జానెడు తేడా వచ్చినా మేకులు పీకించి మళ్లీ మొదలు. గ్రౌండ్ వంకరగా ఉంటే పెనాల్టీ బాక్స్ వంకరవుతుంది, లైన్స్‌మన్ నిలబడే గీతకీ ఆఫ్‌సైడ్‌కీ పొంతన కుదరదు, చివరికి గొడవ వచ్చేది అక్కడే.

రెండో తాడు 9.15 మీటర్లు. సెంటర్ సర్కిల్‌కి అదే, పెనాల్టీ స్పాట్ నుంచి గీసే చాపానికీ అదే. మూడోది 16.5 మీటర్లు, మధ్యలో 5.5 దగ్గర, 11 దగ్గర ముడులు. గోల్ ఏరియా, పెనాల్టీ స్పాట్, పెనాల్టీ ఏరియా మూడూ ఒక్క తాడుతో అయిపోతాయి. బయటి గీతలు, మధ్య గీత, బాక్సులు, వృత్తం, చాపాలు అన్నీ కలిపితే సుమారు 695 మీటర్లు. పాతిక కిలోల ముగ్గుపిండి బస్తాలు రెండు కావాలి.

ముగ్గుపిండే ఎందుకంటే, సున్నం చవకని కొన్ని చోట్ల అదే చల్లేవారు. ఎండలో పొడిగా ఉన్నంతసేపు ఏమీ అనిపించదు. చెమట తగిలినా, వానపడ్డా ఒళ్లు కాలుస్తుంది. స్లైడింగ్ టాకిల్ చేసిన కుర్రాడి తొడ మీద చర్మం ఎలాగూ లేచిపోయి ఉంటుంది, దాని మీద సున్నం పడితే పుండే. కంట్లో పడితే ఇంకా ప్రమాదం. ఎంత డబ్బు ఇబ్బంది ఉన్నా ఈ ఒక్క ఖర్చులో ఆయన వెనక్కి తగ్గలేదు. వానాకాలంలో గీత పక్కనే పారతో వేలెడు లోతు గాడి తీయించేవారు, పిండి కొట్టుకుపోయినా గీత ఎక్కడుందో రిఫరీకి కనపడాలని.

చాలామంది చూడని చోటు ఒకటి ఆయన చూసేవారు. గోల్‌పోస్టుల మధ్య కీపర్ నిలబడే చోట మట్టి అరిగి గుంట పడుతుంది. క్రాస్‌బార్ ఎత్తు 2.44 మీటర్లు ఉండాలి. గుంటలోంచి కొలిస్తే ఆరేడు సెంటీమీటర్లు పెరిగిపోతుంది, పొట్టి కీపర్‌కి అది గోలే. ఎర్రమట్టి తడిపి, పొరలు పొరలుగా పోసి, దిమ్మిసతో కొట్టించి, మళ్లీ టేపు పెట్టి చూసేవారు. ఒకేసారి పోసి తొక్కితే రెండో మ్యాచ్‌కే లేచిపోతుంది. క్రికెట్‌వాళ్లతో పంచుకునే గ్రౌండ్లలో మధ్యన మ్యాటింగ్ కోసం వేసిన సిమెంటు పిచ్ ఇంకో బెడద. దాని మీద మట్టి పరిచినా అక్కడ బంతి ఎగిరే తీరు వేరు. మధ్యలో ఆడే మన హాఫ్‌లకి ఆ పట్టీ మీద బంతి నేలకి తగలకముందే అందుకోవడం అలవాటు చేయించారు. బయటి టీములు అక్కడే తడబడేవి.

వలలు చిరిగితే స్పోర్ట్స్ షాపుకి వెళ్లేవారు కాదు. జాలారిపేట తీసుకెళ్లేవారు. వల అల్లే సూది పట్టిన చేతుల ముందు గోల్ నెట్ ఒక లెక్కా? పాత దారం ముడి కోసేసి, అదే మందం నైలాన్ దారంతో, అదే కన్ను సైజులో అల్లి ఇచ్చేవారు. చిరిగిన చోట మామూలుగా దారం పెట్టి దగ్గరకి లాగి కుట్టేస్తే వల ముడుచుకుపోతుంది, గట్టి షాట్ తగలగానే పక్కన ఇంకో చోట తెగుతుంది. కన్ను కన్నూ కట్టుకుంటూ వస్తే లాగుడు అంతటా సమానంగా పడుతుంది. ఈ మాట ఆయనకి చెప్పింది కూడా జాలర్లే. ఐస్ కూడా హార్బర్ వైపు నుంచే వచ్చేది. ఊకలో పెట్టి గోనెసంచిలో చుట్టి తెస్తే ఆట అయ్యేదాకా నిలిచేది. బెణికిన చీలమండ మీద ఐస్ ముక్క నేరుగా పెట్టనిచ్చేవారు కాదు. తడిబట్టలో చుట్టి పావుగంట, తీసేసి విరామం, మళ్లీ పావుగంట. నూనె రాసి పిసకడానికి ఎవరైనా ముందుకొస్తే గట్టిగా కసిరేవారు, మొదటిరోజు మర్దన చేస్తే వాపు ఇంకా పెరుగుతుంది.

తాగడానికి ఇరవై లీటర్ల క్యాన్‌లో అరకిలో పంచదార, యాభై అరవై గ్రాముల ఉప్పు, డజను నిమ్మకాయలు. రుచికోసమని పంచదార పెంచితే కడుపులో నీళ్లు కదిలి, పరుగెత్తేటప్పుడు పక్కటెముకల కింద పోటు వస్తుంది. విశాఖ ఉక్కపోతలో చెమట ఆరదు, కారిపోతూనే ఉంటుంది. దాహం వేసేదాకా ఆగితే అప్పటికే ఆలస్యం. అందుకే దాహం ఉన్నా లేకపోయినా హాఫ్ టైమ్‌లో రెండు గ్లాసులు తాగి తీరాలి. నాలుగింటికి మ్యాచ్ అయితే ఒంటిగంటలోపు అన్నం, పప్పు, పల్చటి మజ్జిగ. చేపల పులుసు, వేపుళ్లు మ్యాచ్ అయ్యాకే.

ఈ ఊరి గాలిని ఆయన వాడుకున్నట్టు ఇంకెవరూ వాడుకోలేదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మధ్యాహ్నం సముద్రం మీంచి గాలి బలంగా కొట్టి, పొద్దు వాలేకొద్దీ తగ్గుతుంది. తూర్పు పడమరలుగా ఉన్న గ్రౌండ్‌లో టాస్ గెలిస్తే మొదటి సగం పడమటి గోల్ వైపు ఆడమనేవారు. గాలి వెనక నుంచి తోస్తుంది, ఎండ ఇంకా పైనే ఉంటుంది కాబట్టి మన కీపర్ కళ్లలో పడదు. రెండో సగానికి వైపులు మారేసరికి ఎదురుగాలి సగానికి సగం చచ్చిపోతుంది, దిగిపోతున్న ఎండ మాత్రం తూర్పు గోల్‌లో నిలబడ్డ అవతలి కీపర్ కళ్లలో సూటిగా కొడుతుంది. అప్పుడు ఎత్తు క్రాసులు వేయించేవారు. డిసెంబర్‌లో ఇక్కడ ఐదున్నర ప్రాంతంలోనే సూర్యాస్తమయం. రెండు నలభై అయిదులు, పదిహేను నిమిషాల విరామం కలిపితే గంటా ముప్పావు. మూడున్నరకి విజిల్ పడకపోతే చివరి పది నిమిషాలు చీకట్లోనే. నిర్వాహకులు ఆలస్యం చేస్తే వాచీ చూపించి పోట్లాడేవారు, గొంతు పెంచకుండానే.

బంతులు రోజూ ఆయన ఇంటికే వెళ్లేవి. నిబంధన ప్రకారం సైజు 5 బంతి బరువు 410 నుంచి 450 గ్రాములు, చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు. గాలి విషయంలో మాత్రం రూలు ఇచ్చిన వెసులుబాటులో కింది అంచుకి దగ్గరగా, తొమ్మిది పది పౌండ్ల దగ్గర ఆపేవారు. ఎర్రమట్టి గట్టినేల మీద అంతకు మించి కొడితే బంతి కాలికి దొరకదు. పొడి సూది గుచ్చితే వాల్వు చిరుగుతుంది, అందుకని గ్లిజరిన్ చుక్క రాసేవారు. తడిసిన తోలు బంతిని ఎండలో పెడితే కుట్లు పెళుసెక్కుతాయి. నీడలో ఆరబెట్టి ఆముదం పట్టించాల్సిందే.

రూలు మారినప్పుడల్లా ముందు మారింది ఆయనే. 1990లో మోకాలి కింది ఎముకని కాపాడే షిన్‌గార్డులు తప్పనిసరి అయ్యాయి. నోటుబుక్ అట్టలు సాక్సుల్లో దోపుకొచ్చిన కుర్రాళ్లని బెంచి మీదే కూర్చోబెట్టి, చందాలు పోగుచేసి అందరికీ కొనిపెట్టారు. 1992లో బ్యాక్‌పాస్ రూలు వచ్చింది. డిఫెండర్ కావాలని కాలితో ఇచ్చిన బంతిని కీపర్ చేత్తో పట్టకూడదు. ఊళ్లో కీపర్లు తికమకపడి బాక్సులోనే అవతలి టీముకి ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్‌లు ఇచ్చుకుంటుంటే, మన కీపర్ అప్పటికే రోజూ ఎడమ కాలితో ఒక యాభై, కుడి కాలితో ఒక యాభై బంతులు తన్నుతున్నాడు. బ్యాక్‌లకి కూడా ఒకటే మాట, కీపర్‌కి ఇచ్చే బంతి గోల్‌కి సూటిగా ఉండకూడదు, పోస్టుకి అవతలికి ఇవ్వాలి. తప్పిపోయినా కార్నరే అవుతుంది, గోల్ అవదు. 1986 మెక్సికో వరల్డ్ కప్ దూరదర్శన్‌లో చూశాక గుంటలందరికీ మారడోనా వేసుకున్న పదో నంబరు జెర్సీయే కావాలి. వారం వారం ఒకరికి ఇచ్చేవారు, వాటం లేని కాలితో గోల్ కొట్టినవాడికి. భారత జట్టుకి రహీం సాహెబ్ కోచ్‌గా ఉండగా మన దేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిందని, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిందని, ఆ తర్వాత 1965-66లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జట్లు పోటీపడే సంతోష్ ట్రోఫీ తెచ్చిందని గుంటలకి కథల్లాగా చెప్పేవారు. ఆ పేర్లు ఈ తరానికి తెలియకుండా పోతాయన్న బెంగ ఆయనకి నిజంగా ఉండేది.

ఇక కాగితాలు. ఒక్కో ఆటగాడికి ఒక్కో కవరు. రిజిస్ట్రేషన్ ఫారం నకలు, పుట్టినతేదీ ఆధారం, ఆరు పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు, పాత క్లబ్ నుంచి విడుదల పత్రం. గెలిచిన మ్యాచ్ ఓడినవాళ్ల ఫిర్యాదుతో, అంటే ప్రొటెస్ట్‌లో పోయేది ఎక్కువగా విడుదల పత్రం దగ్గరే. పాత క్లబ్‌వాళ్లు ‘వెళ్లమన్నాం కదా’ అని నోటితో అంటారు, సీజన్ మధ్యలో మాట మారుస్తారు. సంతకం, తేదీ ఉన్న కాగితం చేతికి వచ్చేదాకా ఎంతటి ఆటగాడైనా ఆయన బెంచి దాకా కూడా రానిచ్చేవారు కాదు.

అదే కవర్లో సర్టిఫికెట్లు కూడా. జిల్లా జట్టుకి ఆడినా, ఇంటర్ యూనివర్సిటీకి వెళ్లినా టోర్నమెంట్ అయిన వారంలోనే సర్టిఫికెట్ రాయించి, పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉందో లేదో అక్షరం అక్షరం సరిచూసేవారు. ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడాతో స్పోర్ట్స్ కోటా ఇంటర్వ్యూలో ఇబ్బంది పడే కుర్రాళ్లుంటారు. ఏళ్లు గడిచాక దిద్దించాలంటే సంతకం పెట్టినవాళ్లు ఆ పదవిలో ఉండరు. గెజిటెడ్ అధికారితో అటెస్ట్ చేయించిన నకళ్లు నాలుగు ఎప్పుడూ సిద్ధం. రైల్వేలోనో పోర్టులోనో పోలీసుశాఖలోనో నోటిఫికేషన్ పడిందంటే ఆయనే కుర్రాడి ఇంటికి వెళ్లి, ‘అమ్మా, వాణ్ణి రేపు పొద్దున్నే నా దగ్గరికి పంపండి, ఫారం నింపాలి’ అని చెప్పి వచ్చేవారు.

దానివల్ల క్లబ్‌కి నష్టమే. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వచ్చినవాడు డిపార్ట్‌మెంట్ టీముకి ఆడాలి, అంటే తన చేతులతో తయారుచేసిన ఆటగాణ్ణి తనే సాగనంపి, మరుసటేడు ఎదురు జట్టులో చూడాలి. ఇలా ఏటా ఇద్దరో ముగ్గురో వెళ్లిపోతారని లెక్కగట్టుకునే ఆయన ఆదివారం పొద్దుటి బ్యాచ్ పెట్టారు. పన్నెండు నుంచి పదహారేళ్ల గుంటలు, ఆరింటి నుంచి ఎనిమిది దాకా, క్రికెట్‌వాళ్లు వచ్చేలోపు. ఒక్కో సీనియర్‌కి అదే పొజిషన్‌లో ఒక గుంటడిని అప్పజెప్పేవారు. మ్యాచ్ రోజు ఆ గుంటడు గీత పక్కన కూర్చుని తన సీనియర్ ఒక్కణ్ణే చూడాలి, బంతిని కాదు. బంతి అవతలి చివర ఉన్నప్పుడు స్టాపర్ ఎక్కడ నిలబడ్డాడో హాఫ్ టైమ్‌లో చెప్పాలి. చెప్పలేకపోతే రెండో సగం ఇంకా దగ్గర కూర్చోబెట్టేవారు. ఆయన మేనేజర్‌గా కూర్చున్న చివరి సీజన్‌లో గోల్‌కీపర్‌తో సహా టీములో ఎక్కువమంది ఆ ఆదివారం గుంటల్లోంచి వచ్చినవాళ్లే. ఇప్పటి మేనేజరూ వాళ్లలో ఒకడే, ఆదివారం బ్యాచ్ ఇప్పుడతను చూసుకుంటున్నాడు.